అన్నకూ చెల్లెలికీ ఒకటే మోకాలు

బొంగరం అసలు పేరు ఆమె భర్తకూ బ్యాంకువాళ్ళకూ తప్ప ఎవరికీ గుర్తు లేదు. సినిమాల్లో ఫైట్లు చేసే బృందంలో చేరిన కొత్తలో, గాలిలో గిర్రున తిరిగి నేలమీద రెండు కాళ్ళతో నిలబడ్డందుకు ఒక పెద్దాయన ఆ పేరు పెట్టాడు. పెద్దాయన పోయాడు, పేరు ఉండిపోయింది. ఇప్పుడామెకు నలభై దాటాయి. తిరగమంటే ఇప్పటికీ గిర్రున తిరుగుతుంది గానీ, దిగేటప్పుడు మాత్రం కుడి మోకాలు "నన్నడిగావా?" అంటుంది.

చాలా ఏళ్ళు ఆమె కథానాయికల బదులు మేడల మీద నుంచి దూకింది, అద్దాలు పగలగొట్టుకుని బయటికొచ్చింది, మెట్ల మీద దొర్లింది. ముఖం కనిపించకూడదు కనుక జుట్టు విరబోసుకుని దొర్లేది. దెబ్బలు ఈమెవి, చప్పట్లు వేరే ఆవిడవి. ఎవరైనా జాలి పడబోతే, "వాళ్ళ పని ఏడవడం, నా పని దూకడం. ఎవరి పని వాళ్ళది" అనేది.

సినిమా పనులు పలచబడ్డాక వీడియో గేములు తయారుచేసే కంపెనీలో కుదిరింది. అక్కడ కిటికీలు లేని పెద్ద గది, నేలంతా పలచటి పరుపు, గోడల పైన చుట్టూరా కెమెరాలు. ఒంటికి అతుక్కుపోయే నల్ల సూటు వేసుకుని, కీలుకీలుకూ మెరిసే చిన్న బంతులు అంటించుకుని ఆమె మధ్యలో నిలబడుతుంది. కెమెరాలకు ఆమెతో పని లేదు, బంతులతోనే పని. ఆమె చెయ్యెత్తితే కంప్యూటర్లో గీతల అస్థిపంజరం ఒకటి చెయ్యెత్తుతుంది. దానికి తర్వాత ఏ ఒళ్ళు కావాలంటే ఆ ఒళ్ళు తొడుగుతారు. ఆ విధంగా ఆమె ఎలుగుబంటి అయింది, ముసలి రాజు అయింది, ఒకసారి మూడు తలల రాక్షసుడిలో మధ్య తల కూడా అయింది. సిటీ బస్సు నడిపే ఆమె భర్త సాయంత్రం తలుపు తీస్తూనే "ఇవాళెవరు?" అని అడిగేవాడు. ఎలుగుబంటి అని చెబితే, "రండి ఎలుగుబంటిగారూ, టీ పెడతాను" అనేవాడు. మంచి మనిషి.

అన్నాచెల్లెళ్ళ ఆట ఆ తర్వాత వచ్చింది. కథ పాతదే. ఊరిని చెరబట్టిన ఒక దుర్మార్గపు అధికారి, వాడి కాపలావాళ్ళు, వాళ్ళను ఒక్కొక్కరినే మట్టుబెడుతూ కోట దాకా వెళ్ళే అన్న లేదా చెల్లెలు. ఎవరిగా వెళ్తారో ఆడేవాళ్ళు మొదట్లోనే ఎంచుకోవాలి. దారి ఒకటే, శత్రువులు వాళ్ళే, చివర్లో చచ్చేవాడూ వాడే. అన్న పాత్రకు ఆమె పాత జోడీ ఒకాయన రావాలి. నిలబడితే అడ్డంగా ఉంటాడని అతన్ని గోడ అనేవాళ్ళు. మొదటిరోజే గోడ కాలు మడతపడి ఇంటికి పోయాడు. డైరెక్టరు, బొంగరం కన్నా బాగా చిన్నవాడు, గోళ్ళు కొరుక్కుంటూ వచ్చి, "అక్కా, రెండూ నువ్వే చేసెయ్. ఎముకలు నీవే పెట్టుకుని భుజాలు వెడల్పు చేసుకుంటాం. ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు.

ఎవడికీ తెలియలేదు. నిజానికి ఆమె రెండుసార్లు చెయ్యను కూడా లేదు. ఒక్కసారే చేసింది. దాన్నే అన్నకూ తొడిగారు, చెల్లెలికీ తొడిగారు.

ఆ ఆటలో చివరి దెబ్బ మాత్రం బొంగరం సొంతం. అధికారి కప్పుకున్న బరువైన ఉన్ని కంబళిని వాడి మెడకే చుట్టి, ఒక కొస మోచేతి కింద నొక్కిపట్టి, రెండో కొసతో నడుము సహా తిరిగి మెలిపెట్టడం. ఇది ఏ మాస్టరూ నేర్పింది కాదు. బొంగరం వాళ్ళమ్మ ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేసేది. తడిసిన ఉన్ని దుప్పటిని చేతులతో పిండితే చేతులు పోతాయి, నడుముతో పిండాలి. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో బొంగరం వెళ్ళి రెండో కొస పట్టుకునేది. పిండేటప్పుడు అమ్మ ముఖంలో కోపం ఉండేది కాదు. అసలేమీ ఉండేది కాదు. పిండేసి, దుప్పటిని తొట్టిలో పడేసి, చేతులు నడుముకు తుడుచుకుని ఇంకో దుప్పటి కోసం నడిచిపోయేది.

బొంగరం సరిగ్గా అదే చేసింది. మెలిపెట్టింది, వదిలేసింది, చేతులు తుడుచుకుంది, వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయింది. రోజంతా బరువు పని చేసిన మనిషి నడక అది. తర్వాత డైరెక్టరు రెండు చేతులూ ఎత్తి "అక్కా, నీకో దండం" అన్నాడు. ఆమెకు ఎంత సంతోషమేసిందో చెప్పలేం. ఇన్నేళ్ళ చాకిరీలో ఇది నాది అని వేలెత్తి చూపించుకోవడానికి ఆ నడక ఒక్కటి దొరికింది. ముఖం ఎవరిదైతేనేం, నడక నాది అనుకుంది.

ఆట సగం తయారయ్యాక బయటివాళ్ళను పిలిచి ఆడించి చూడడం ఆ కంపెనీ పద్ధతి. వాళ్ళు ఆడుతుంటే కంపెనీవాళ్ళు అద్దం ఇవతల కూర్చుని వింటారు. ఈ పరీక్షలు చూసుకునే అమ్మాయికి ఏడాది పొడుగునా జలుబు. ముక్కు తుడుచుకుంటూ జనం చెప్పిన మాటలు చదివి వినిపించింది.

అన్న గురించి అందరిదీ ఒకే మాట. దమ్మున్నవాడు. పని ముగించి తిరిగి కూడా చూడలేదు. ఆ నడకలో ఎంత హుందాతనం!

చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. "అమ్మో, ఇదేం మనిషండీ?" "ఆడపిల్లకి అంత కసేంటి?" "చంపేసి చేతులు తుడుచుకుంటోంది, పిచ్చిదేమో." "ఈమెకి చిన్నప్పుడేదో జరిగుండాలి, అది చూపించండి." ఒకాయన మాత్రం పండితుడిలా మాట్లాడాడు. అన్న దెబ్బలో బరువుంది, చెల్లెలి దెబ్బ తేలిపోయింది, ఎవరైనా అనుభవమున్న ఫైటరు చేత చేయించి ఉండాల్సింది అన్నాడు. ఆడవాళ్ళూ తక్కువ తినలేదు. "మొదట్లో నాకు తెగ నచ్చిందండీ, ఆ నడక చూశాక భయమేసింది" అంది ఒకావిడ. అన్నను చూస్తే భయం వెయ్యలేదా అని అడిగితే, "అతను మగాడు కదా!" అని ఆశ్చర్యపోయింది. ఆ నడకే బాగుందన్న ముసలావిడ కూడా ఒకరున్నారు. ఒక్కరే కనుక ఆవిడ మాట లెక్కలోకి రాలేదు.

బొంగరం విని నవ్వింది. "అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ" అంది. గదంతా నవ్వింది. రెండు కుండలూ కొట్టిన చెయ్యి ఒకటేనని అక్కడ అందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? డైరెక్టరు ఒక్కడే నవ్వలేదు.

"నాకు తెలుసక్కా, నీకు తెలుసు. ఆడేవాడికి తెలీదు కదా. ఇంటింటికీ వెళ్ళి చెప్పొస్తామా?"

"అన్నకున్న కారణమే కదా బాబూ చెల్లెలికీ ఉంది?"

"అన్నకది సరిపోయింది. చెల్లెలికి చాలట్లేదు. చంపాక కనీసం ఏడవాలంటున్నారు."

"ఎవరు, అన్న కూడానా?"

"అక్కా!" అన్నాడతను, నవ్వాలో ఏడవాలో తెలియక. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. అధికారిని చంపాక చెల్లెలు మోకాళ్ళ మీద కూలబడాలి. ఏడవాలి. మెల్లగా లేవాలి. నడక ఉండదు. "పైవాళ్ళు చెల్లెల్నే మొత్తంగా తీసేద్దామంటున్నారు. ఏడిస్తే ఉంటుంది, లేకపోతే లేదు. నేనెంత పోట్లాడానో నాకే తెలుసు."

"దుప్పటి పిండాక ఎవరైనా ఏడుస్తారా?"

"నీకు ఇష్టం లేకపోతే చెప్పక్కా. కొత్తగా ఒకమ్మాయి వచ్చింది, ఆ ముక్క తన చేత చేయిద్దాం."

"మోకాళ్ళ మీద" అనే మాట దగ్గరే బొంగరానికి చిక్కు వచ్చిపడింది. దాని వెనక ఒక సంగతుంది. అంతకు కొన్నాళ్ళ ముందే డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి, మోకాలిచిప్ప వెనక ఎంత అరిగిపోయిందో చూపించింది. మెట్లు తగ్గించమంది. "మోకాళ్ళ మీద మాత్రం కూర్చోకండి. ఇంకెప్పుడూ" అంది. బొంగరం ఆ ఫిల్మును బీరువా వెనకకు తోసేసి ఎవరికీ చెప్పలేదు. కంపెనీలో చెబితే పని పోతుంది. భర్తకు చెబితే మానెయ్యమంటాడు. అమ్మకు చెబితే ఏమీ అనదు, అన్నం దగ్గర నుంచి లేచి వెళ్ళిపోతుంది. అదింకా కష్టం.

వాళ్ళు ఉండేది మూడో అంతస్తు. లిఫ్టు బాగున్న రోజు అందరికీ పండగే. బొంగరం మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, చివరి మలుపులో ఆగేది. అక్కడ ఊపిరి కూడదీసుకుని, ముఖం తుడుచుకుని, నడకను సరిచేసుకుని అప్పుడు బెల్లు కొట్టేది. తలుపుకు ఎదురుగానే అమ్మ కుర్చీ. అమ్మ కళ్ళు ఇప్పటికీ సూదిలోకి దారం ఎక్కిస్తాయి. ఆ కళ్ళ ముందు నుంచి వంటింటి దాకా కుంటకుండా నడవడం ఆమె రోజు మొత్తంలో చేసే అన్ని ఫైట్లకన్నా పెద్ద ఫైటు. "వచ్చావా?" అనేది అమ్మ. "వచ్చానమ్మా" అనేది బొంగరం. ఒక్కరోజు కూడా అమ్మ కనిపెట్టలేదు. అంత బాగా నడిచేది.

మరి డైరెక్టరు మాటకు ఎందుకు ఒప్పుకుంది అంటారా? ఆ కొత్తపిల్ల కూలబడితే పూలతీగలా కూలబడుతుంది. మెలిపెట్టిన చెయ్యి ఒకరిదీ, ఏడ్చే ఒళ్ళు ఇంకొకరిదీ అయితే అతుకు కనిపిస్తుంది. చెల్లెలు రెండు ముక్కలైపోతుంది. ఏడ్చేదేదో నేనే ఏడిస్తే పోతుంది కదా అనుకుంది. ఇదొక కారణం. ఇంకోటి, పోట్లాడాలంటే ఓపిక ఉండాలి. ఆ వారం ఆమె దగ్గరున్న ఓపికంతా మెట్లకే సరిపోయింది.

ఏడుపు కావాలి కనుక ఆ రోజు ముఖం ముందు కూడా ఒక బుల్లి కెమెరా వేలాడదీశారు. సూటు లోపల మోకాళ్ళకు రబ్బరు తొడుగులు వేసుకుని ఆమె కూలబడింది. డైరెక్టరు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ కూలబడింది. "అక్కా, దిండు మీద కూర్చున్నట్టుంది. ఆ తొడుగుల వల్ల బంతులు కూడా పక్కకి జరుగుతున్నాయి" అన్నాడు. పాపం అతనికి తెలియదు. తెలిస్తే ఆ మాట అనేవాడు కాదు. బొంగరం ఒక మూలకు వెళ్ళి తొడుగులు తీసి గోడ పక్కన పెట్టింది. వచ్చి నిలబడింది. కూలబడింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు కదా, అలాంటిది మోకాలి నుంచి తుంటి దాకా పాకింది. నోరు తెరుచుకుంది గానీ కేక రాలేదు. కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారాయి. ఎవరి గురించీ కాదు, దేని గురించీ కాదు, ఒట్టి నొప్పి. కాసేపు అలాగే ఉండిపోయింది. లేవాలని గుర్తొచ్చి, ఎడమ చేత్తో నేలను పట్టుకుని, కుడి చేత్తో తొడను నొక్కి, బరువంతా ఎడమ కాలి మీదికి తోసుకుని, వాలుగా, ముసలిదానిలా లేచింది.

"అదీ!" అన్నాడు డైరెక్టరు. అతని కళ్ళు కూడా తడిశాయి. "అదీ అక్కా ఏడుపంటే! ఏం తలుచుకున్నావక్కా?"

"మా ఇంటి మెట్లు" అంది బొంగరం. అందరూ పగలబడి నవ్వారు.

రెండో పరీక్షకు ఆమెను కూడా రమ్మన్నారు, చూసి సంతోషిస్తుందని. అక్కడే తమాషా జరిగింది. అన్నకూ చెల్లెలికీ ఎముకలు ఒకటే కదా, ఒళ్ళు తొడిగే విభాగంలో ఎవరో ఆ సంగతి మరిచిపోయి, కొత్తగా కూలబడే ముక్కను విడిగా పెట్టకుండా ఇద్దరికీ కలిపి పెట్టేశారు. తెరమీద ఆరడుగుల అన్న, తాటిమొద్దుల్లాంటి చేతులవాడు, అధికారిని చంపి, దబ్బున మోకాళ్ళ మీద పడి బావురుమన్నాడు. ఆడుతున్న మనిషి బిత్తరపోయి అన్ని మీటలూ నొక్కి చూశాడు. "మేడమ్, ఇది చెడిపోయింది" అని కేకేశాడు. పక్కాయన చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "వీడికి ఎవరిదో తగిలించినట్టున్నారు" అన్నాడు. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదని వింటూ పెరిగిన జనం, ఏడ్చే మగవాణ్ణి చూసి ముందు యంత్రాన్నే అనుమానించారు. ఆటలోని తప్పుల చిట్టాలో గోడలోంచి దూరిపోతున్న గుర్రం, ఆర్పినా ఆరని దీపం, ఈ రెంటి మధ్యా "చంపాక అన్న కూలబడుతున్నాడు, సరిచేయాలి" అని రాసుకుంది జలుబమ్మాయి.

అదే సమయంలో పక్కగదిలో చెల్లెలు కూలబడుతోంది. అక్కడ ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. "ఎంత లోతండీ! చేసిన పాపాన్ని మోసుకుంటూ లేస్తోంది చూడండి" అంటున్నాడు. నడక చూసి భయపడిన ఆవిడే వచ్చి, "ఇప్పుడు మనిషిలా ఉంది" అంది.

బొంగరం కూడా నవ్వింది, అన్నను చూసి. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. తెరమీద అన్న లేస్తున్నాడు. ఎడమ చేత్తో నేల పట్టుకుని, కుడి చేత్తో తొడ నొక్కుకుంటూ. పాపం, వీడికీ నొప్పే కదా అనిపించింది. వాడి మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. ఆ ఒక్క మధ్యాహ్నం వాళ్ళిద్దరూ నిజంగా తోడబుట్టినవాళ్ళలా కనిపించారు ఆమెకు.

సాయంత్రానికి అన్నను బాగుచేసేశారు. వాడి నడక వాడికి తిరిగొచ్చింది. బొంగరం నడక ఇప్పుడు వాడి దగ్గర మాత్రమే ఉంది. ఆమెకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండునని కూడా అనిపించలేదు. బస్సులో సీటు దొరికితే చాలుననిపించింది.

ఆట బజారులోకి వచ్చింది. ఒక సెలవురోజు పొద్దున భర్త దాన్ని టీవీకి తగిలించాడు. రోజూ బస్సు నడిపే చేతులు కనుక ఆ మీటల పెట్టెను కూడా స్టీరింగులా పట్టుకున్నాడు. చస్తూ బతుకుతూ, ముందు అన్నగా ఆడి, ఎలాగో కోట దాకా చేరాడు. అమ్మ తన కుర్చీలోనే కూర్చుని చూస్తోంది. బొంగరం పక్క కుర్చీలో.

అన్న కంబళిని మెడకు చుట్టి, మోచేతి కింద నొక్కి, నడుముతో తిరిగాడు. అమ్మ ముందుకు వంగింది.

"అది నా పిండుడు కదే!"

"నీదేనమ్మా."

అన్న చేతులు తుడుచుకుని నడిచాడు. "ఇది నువ్వే" అంది అమ్మ. ఆరడుగుల గడ్డం మనిషిని చూపించి మరీ అంది. "నీ నడక నాకు తెలీదా? గడ్డం పెట్టినా నువ్వే." బొంగరం ఎన్నాళ్ళకో మనసారా నవ్వింది. ఆ నడక ఎవరిదో ఆటాడిన జనంలో ఒక్కరూ కనుక్కోలేదు మరి.

ఒకసారి గెలిచాక ఏ ఘట్టమైనా రెండోవాళ్ళతో మళ్ళీ ఆడొచ్చు కనుక, తర్వాత భర్త చివరి ఘట్టాన్ని చెల్లెలితో పెట్టాడు. ఫోనులో జనం రాసిన మెచ్చుకోళ్ళన్నీ అతను ముందే చదివి ఉన్నాడు, గర్వంతో ఆగలేకపోతున్నాడు. "ఇది చూడండి అత్తయ్యా, అందరూ దీన్నే పొగుడుతున్నారు. చేసిన పాపానికి ఎట్లా కుమిలిపోతుందో చూడండి."

"ఏం పాపం బాబూ?"

"చంపింది కదండీ."

"ఇందాక వాడూ చంపాడుగా?"

తెరమీద చెల్లెలు కూలబడింది. పాలరాతిలాంటి ముఖం, పాతికేళ్ళ వయసు, చెంపల మీద నీళ్ళు. అమ్మ ముఖం చూడలేదు. కాళ్ళు చూసింది. దుప్పట్లు పిండేచోట తోటి ఆడవాళ్ళు ఒక్కొక్కరే నడుములూ మోకాళ్ళూ పోగొట్టుకోవడం ఏళ్ళ తరబడి చూసిన మనిషి ఆమె.

"ఏడవట్లేదది. కుడి మోకాలు పోయింది దానికి" అంది. టీవీ మీద నుంచి చూపు తిప్పి కూతురి వైపు చూసింది. "ఎప్పటి నుంచే?"

భర్త మీటల పెట్టె కింద పెట్టి ఇటు తిరిగాడు.

"ఏం లేదమ్మా, అది నటన. ఉండు, టీ పెడతాను" అంటూ బొంగరం లేవబోయింది. నడక సరిచేసుకోవడానికి అక్కడ మెట్ల మలుపు లేదు. ఎడమ చేత్తో కుర్చీని పట్టుకుని, కుడి చేత్తో తొడను నొక్కి, బరువంతా ఎడమ కాలి మీదికి తోసుకుని, వాలుగా లేచింది. ఎదురుగా తెరమీద చెల్లెలు కూడా అప్పుడే, అలాగే లేస్తోంది.

ఇద్దరినీ చూశారు వాళ్ళు.

"కూర్చో" అంది అమ్మ.

బొంగరం కూర్చుంది. టీ భర్త పెట్టాడు.